గంగాళానికి రాసిన ఉత్తరం

"నువ్వు రాసింది రాసినట్టే చదివిన పెద్దమ్మా. ఒక్క అక్షరం ఇడిచిపెట్టలే."

"చదివితే నూలెందుకు గిట్లయింది? ఆఖరుకు ఏం రాసిన్నో చదివినవా?"

"ఆఖరుది గూడ చదివిన. నేను ఆడిదాక వచ్చేటాల్లకు ఈళ్లు ముంచనే ముంచిండ్రు."

"మొత్తం చదివినంక పని షురూ చేయాలని తెల్వదా? ఐదో తరగతి చదివినవంట. దేనికి ఆ చదువు?"

"మొత్తం ఇన్నంక ఎన్నడన్న చేసినమా ఈ షెడ్డుల? నువ్వు చెప్పుకుంట పోతవ్, మేం చేసుకుంట పోతం. గదే గద మన అలవాటు."

"నేను నోటితోని చెప్పుడు వేరు, కాగితం వేరు."

"వేరని కాగితంల రాయకపోతివి."

మాటకు దొరికిపోయినప్పుడు పెద్దవాళ్లు చేసే పనే నేనూ చేశాను. గొంతు పెంచాను.

మా ఇద్దరి మధ్య వెదురు గడల మీద నూలు చిలపలు, అంటే చుట్టలుగా కట్టిన నూలు కట్టలు, ఆరుతున్నాయి. నిండు ఎరుపు రావలసిన నూలు. ఒకచోట ఇటుక రంగు, ఒకచోట కడిగేసిన గులాబి, నడుమ నడుమ తెల్ల మచ్చలు. గజ్జి పట్టిన కుక్క వీపు అలాగే ఉంటుంది. చేత్తో రుద్దితే ఉన్న రంగు కూడా చేతికే వచ్చింది.

పెద్దపల్లి దగ్గర ఒక చిన్న ఊళ్లో నేతగాళ్ల సంఘానికి రంగుల షెడ్డు ఉండేది. అందులో నేను పెద్ద చేతిని. అంటే గంగాళాల దగ్గర ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పేదాన్ని. పాత హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. అప్పటివాళ్లు కొందరు ఇంకా ఉన్నారు, లేనివాళ్లకు పిల్లలున్నారు. నాతో తగువు పడిన ఆ చిన్నామె నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఆమె భర్త మగ్గం నేసేవాడు. కాలు విరిగి మగ్గం గుంటలో దిగలేని స్థితిలో ఉన్నాడు. ఇంట్లో మగ్గం ఆగిపోయింది. ఆమె షెడ్డుకు వస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

నా చదువు సంగతి చెప్తాను పిల్లలూ, నవ్వుకోండి. రెండున్నర తరగతులు. మూడో తరగతి సగంలో ఉండగా, కండెలు చుట్టడానికి చెయ్యి తక్కువైందని మా బాపు బడి మాన్పించాడు. చదివిన ఆ సగం తరగతి నన్ను చాలా ఏళ్లు గర్వంతో నడిపించింది. మా వాడలో మగవాళ్లు షోలాపూర్‌కు, భివండికి మగ్గాల పనికి పోయేవాళ్లు. వాళ్ల భార్యలు నా దగ్గరికి వచ్చి ఉత్తరాలు రాయించుకునేవాళ్లు. అరుగు మీద మోకాలిపై పలక పెట్టుకుని, దాని మీద పోస్టు కార్డు పెట్టుకుని, నేను అడిగేదాన్ని, "ఏం రాయాలె, చెప్పు." అవతలామె ముక్కు చీదుకుంటూ ఒక్క మాట చెప్పేది, "జల్ది రమ్మని రాయి." ఆ ఒక్క మాటను నేను కార్డు నిండా సాగదీసేదాన్ని. అందులో నా లెక్క నాకుంది. కార్డులో ఖాళీ మిగిలితే కార్డు దండుగ. చింతపండు పిండిన పిప్పిని రెండోసారి పులుసుకు వాడే మనిషిని నేను. అంత జాగా తెల్లగా వదిలేయడానికి చెయ్యి ఎలా వస్తుంది?

ఉత్తరానికి ఒక నడక ఉంటుందని కూడా నాకు తెలుసు. ముందు క్షేమాలు. తర్వాత వానలు, బర్రె, అత్త దగ్గు. అసలు సంగతి ఆఖరున. చదివేవాళ్లు ఆఖరుదాకా వింటారు, ఆఖరున విన్నది మనసులో నిలుస్తుంది. ఎవరు నేర్పారో తెలియదు. అందరూ అలాగే రాసేవాళ్లు.

రంగు పని మాత్రం నాకు ఉస్తాద్ నేర్పాడు. తాతల నాటినుంచి రంగులద్దే ముస్లిం ఇంటివాడు. చదువు రాదు. అప్పటికి కళ్లలో పొర వచ్చి షెడ్డు మానేసి ఇంట్లో ఉంటున్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకోవడమంటే పక్కన నిలబడటమే. "నీళ్లు" అంటే నీళ్లు పొయ్యాలి, "పిండు" అంటే పిండాలి. నోరు ముందు పోతుంటే చేతులు వెనక పోతుండేవి. ఆయన తర్వాత నేనూ అలాగే నడిపాను. మా వాళ్ల చేతులు నా గొంతుకు అలవాటు పడ్డాయి.

ఎర్ర రంగు పని రెండు గంగాళాల పని. మొదటి గంగాళంలో వేడి నీళ్లల్లో మందు కరిగించి నూలు నానబెడతారు. అప్పుడు నూలు ఎర్రబడదు, పాలిపోయినట్టు ఉంటుంది. దాన్ని తీసి గట్టిగా పిండి, చల్లార్చి, రెండో గంగాళంలో చల్లని రంగునీళ్లలో ముంచితే కళ్లముందే ఎరుపు పుట్టుకొస్తుంది. మొత్తం కిటుకు ఆ పిండటంలోను, ఆ చల్లదనంలోను ఉంది. నీరు కారుతున్న నూలును, వేడి తగ్గకముందే ముంచారా, ఇంక ఆ నూలు గతి ఏమిటో పైన చెప్పాను.

మందమర్రి బొగ్గుబావుల కాలనీలో ఉన్న మా బిడ్డకు రెండో కాన్పు దగ్గరపడింది. నాలుగు రోజులు పోయి వస్తానన్నాను. సంఘం సెక్రటరీ సాబ్ తల గోక్కున్నాడు. హుజూరాబాద్ దుకాణానికి ఇవ్వాల్సిన ఎర్రంచు చీరల నూలు ఆ వారమే తియ్యాలి.

"నువ్వు లేకుంటె ఎట్లమ్మా?"

"రాసి పోత సాబ్. చదువుకుంట చేస్తరు."

ఆ మాట అన్నప్పుడు నా మెడ ఎంత నిటారుగా ఉందో నాకిప్పటికీ గుర్తుంది. ఆ షెడ్డులో అంతవరకు ఎవరూ ఏదీ రాసి పోలేదు.

నూలు మూటలకు చుట్టి వచ్చే మందపు కాగితం ఒకటి దాచి ఉంచాను. దాన్ని పరుచుకుని ఒక పూటంతా రాశాను. పైన అంచు వదల్లేదు, పక్కన అంచు వదల్లేదు. ఒక పక్క నిండితే తిరగేసి రాశాను. దాంట్లో మొదటి నాలుగు వరుసలు నాకింకా నోటికి వచ్చు:

"శ్రీరస్తు. రంగుల షెడ్డులో పని చేయుచున్న అందరికి మీ మేలు కోరునది వ్రాయునది యేమనగా, ఉభయకుశలోపరి. నేను దేవుని దయ వలన మందమర్రికి క్షేమముగా చేరగలనని తలచుచున్నాను. మీరును గంగాళముల వద్ద క్షేమముగా ఉండగలరు."

తర్వాత రంగు పని ఎంత ఓపిక పనో రాశాను. ఉస్తాద్ గొప్పతనం రాశాను. తర్వాత పని. "మొదటి గంగాళములో వేడినీళ్లు పోసి మందు కరిగించి అందు చిలపలను నానబెట్టి తీసి రెండవ గంగాళములో వేసి తిప్పుచుండగా ఎర్రరంగు పొడసూపును." ఒక్క వాక్యం. ఊపిరి తీసుకునే చోటు లేదు. ఆ తర్వాత షెడ్డు శుభ్రత గురించి, పిల్లలను లోపలికి తేవద్దని, నా రాగి చెంబు ఎవరూ వాడవద్దని. కాగితం వెనకవైపు, అట్టడుగున, అసలు సంగతి రాశాను. "ముఖ్యము. రెండవ గంగాళములో వేయుటకు ముందు చిలపలను నీరు కారకుండ పిండి చల్లార్చవలెను. రెండవ గంగాళములోని నీరు చన్నీరై యుండవలెను. లేనిచో నూలు పాడగును." దాని కింద రెండు గీతలు కూడా గీశాను.

చదివి చూసుకుంటే కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత బాగా నేనే రాశానా అనిపించింది.

మనవరాలు పుట్టింది. నాలుగో నాడు పెద్దపల్లిలో రైలు దిగి నేరుగా షెడ్డుకు వచ్చాను. అప్పుడే ఆ కుక్క వీపు లాంటి నూలును చూశాను, అప్పుడే పైన చెప్పిన తగువు.

తగువు నడుమ సెక్రటరీ సాబ్ వచ్చాడు. ఒక చిలపను చేత్తో రుద్ది చూసుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు.

"నువ్వు రాసి పోతినంటివి గదమ్మా. పిండి, చల్లార్చి ముంచాలని రాయలేదా?"

"రాయకేం సాబ్. ఇగో." కాగితం తిరగేసి, అడుగున రెండు గీతల మీద వేలు పెట్టాను. "గీతలు గూడ గీసిన."

ఆయన వంగి, కళ్లు చిట్లించి, ఆ ఒక్క చోటే చదివాడు. మిగతాది చదివే ఓపిక ఆయనకు లేదు. ఎవరికుంటుంది?

"రాసే ఉన్నది." చిన్నామె వైపు తిరిగాడు. "చదువత్తదని నిన్ను నమ్మి అప్పజెప్తే గిదా? రేపు పొద్దున కమిటీ పెద్దమనిషి వస్తడు. ఆయన ముంగట తేల్చేస్త. చదువుట్ల తప్పు జేసినోళ్లు షెడ్డుకు అక్కర్లేదు."

ఆమె తొట్టి దగ్గర కూర్చుని మోచేతులదాకా అంటిన రంగు కడుక్కుంది. రంగు పోలేదు. కొంగుతో తుడుచుకుని, నా పక్కనుంచే పోయింది. పోతూ పోతూ ఒక్క మాట అంది.

"నీ చెంబు ఎవ్వలు ముట్టలే పెద్దమ్మా. గది గూడ చదివిన."

నేను గెలిచానన్నమాట. కాని గెలిచిన మనిషి నెమ్మదిగా ఇంటికి పోయి నీళ్లు తాగుతుంది. నేను కాగితం చంకలో పెట్టుకుని ఉస్తాద్ ఇంటికి నడిచాను. నువ్వే రైటు అని ఇంకొకరు కూడా అంటే బాగుండుననిపించింది.

ఉస్తాద్ వాకిట్లో నులకమంచం మీద కూర్చున్నాడు. సంగతంతా చెప్పాను. ఆయన తల ఊపి, కోడలిని పిలిచి రెండు గిన్నెల్లో నీళ్లు, ఒక పాత గుడ్డ పీలిక తెప్పించాడు.

"చదువు బిడ్డా. నువ్వు చదువుతాంటె నేను చేస్త. కండ్లు పోయినయ్ గని చేతులు యాడికి పోలే."

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. శ్రీరస్తు. ఉభయకుశలోపరి. ఆయన చేతులు గాల్లో ఆగి ఉన్నాయి.

"ఆగు. నీ క్షేమం కాగితంల ఎందుకు? నువ్వు రైలెక్కి పోయినవ్, నీ క్షేమం నీ ఎంబడే పోయింది. గంగాళం క్షేమం జెప్పు."

ముందుకు పోయాను. ఓపిక. ఉస్తాద్ గొప్పతనం. అక్కడ ఆయన కాస్త సంతోషపడ్డట్టు కనిపించింది. తర్వాత పని వాక్యం వచ్చింది. "మొదటి గంగాళములో" అనగానే గుడ్డ పీలిక మొదటి గిన్నెలోకి పోయింది. "నానబెట్టి తీసి" అనగానే పైకి వచ్చింది, నీళ్లు ధారగా కారుతున్నాయి. "రెండవ గంగాళములో వేసి" అనగానే రెండో గిన్నెలో మునిగింది. నేను ఇంకా కాగితం తిరగెయ్యనే లేదు.

చదువుతూ పోయాను. శుభ్రత, పిల్లలు, చెంబు. ఉస్తాద్ రెండో గిన్నెలో గుడ్డను తిప్పుతూనే ఉన్నాడు, మర్యాదగా. కాగితం తిరగేశాను. "ముఖ్యము" అన్నాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. గుడ్డ పైకి ఎత్తి నాకు చూపించాడు.

"ఇప్పుడు జెప్తవా?"

నేను కాగితం ఒళ్లో పెట్టుకున్నాను.

"ఒక మాట అడుగుత. మీ వాడల ఎవలన్న సచ్చిపోతె భివండికి ఎట్ల రాస్తవ్? ముందుగాల క్షేమాలు రాసి, బర్రె ఈనిందని రాసి, ఆఖరుకు మీ అవ్వ పోయిందని రాస్తవా?"

"లేదు ఉస్తాద్. గా కబురు పైననే రాస్తం."

"మరి నూలు సచ్చిపోయే మాటను ఎనకకు ఎందుకు దాచినవ్?"

పిల్లలూ, నన్ను ఈ జీవితంలో చాలామంది తిట్టారు. మా అత్త తిట్టింది, సెక్రటరీలు తిట్టారు, రేషన్ దుకాణంవాడు తిట్టాడు. ఏ తిట్టూ ఇంతగా తగల్లేదు. ఎందుకంటే ఆయన తిట్టనే లేదు, గుడ్డ పీలిక మాత్రం చూపించాడు.

అక్కడే కూర్చుని మళ్లీ రాస్తానన్నాను. అప్పుడైనా తెలివి వచ్చిందా అంటే, రాలేదు. ఎక్కువ రాసి చెడ్డానని తెలియగానే నాలో ఉన్న పిసినారి లేచి కూర్చుంది. కాగితం మూల చింపి, అరచేయంత ముక్క మీద రాసి చదివాను. "నానబెట్టు. పిండు. చల్లార్చు. ముంచు."

ఉస్తాద్ గుడ్డ పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"దేంట్ల నానబెట్టాలె? ఎంతగనం పిండాలె? చల్లార్చేది నూలునా నీళ్లనా?"

"గంత మాత్రం తెల్వదా ఉస్తాద్?"

"నాకు ఎర్కే. నీకు ఎర్కే. తెల్సినోళ్లకు కాగితమెందుకు? ఇందాక మాటల మూట తెచ్చినవ్, ఇప్పుడు మాటల కరువు తెచ్చినవ్. జర నడుమల ఉండు బిడ్డా."

నడుమ ఉండటం ఎంత కష్టమో ఆ సాయంత్రం తెలిసింది. ఎక్కువ రాసినప్పుడు నా గొప్ప చూసుకున్నాను. తక్కువ రాసినప్పుడు నా పొదుపు చూసుకున్నాను. రెండుసార్లూ గంగాళం దగ్గర నిలబడ్డ మనిషిని చూడలేదు. ఆమె చేతులు తడిగా ఉంటాయి, కళ్లల్లో పొగ ఉంటుంది, వెనక్కి తిరిగి కాగితం చూసే తీరిక ఉండదు. ఒక్క మాట వింటుంది, ఆ ఒక్కటి చేస్తుంది.

నేను ఒక వాక్యం రాసేదాన్ని, చదివేదాన్ని. ఆయన చేతులు తప్పు చేస్తే వాక్యం కొట్టేసేదాన్ని. ఆయన కావాలనే మొండిగా చేసేవాడు. "బాగా పిండవలెను" అని చదివితే ఉత్తుత్తిగా రెండు మెలికలు తిప్పి, "బాగ పిండిన" అన్నాడు. "నేల మీద చుక్క పడకుండ పిండాలి" అని రాశాను. అప్పుడు ఆయన నరాలు తేలేలా పిండాల్సి వచ్చింది. "ముసలోన్ని సంపుతవా" అన్నాడు, నవ్వుతూ. "చల్లని నీరు" అంటే ఎండలో పెట్టిన గిన్నెలో వేలు పెట్టి "నాకు సల్లగనే ఉన్నది" అన్నాడు. బావి నీళ్లు అప్పుడే తోడి పొయ్యాలని రాశాను. నాలుగు కొట్టివేతల తర్వాత ఇంకొకటి తట్టింది. చల్లని గంగాళాన్ని ముందే సిద్ధం చేసి పెట్టుకుంటే, వేడి గంగాళం దగ్గర తొందరే ఉండదు. పని చేసే వరుస వేరు, రాసే వరుస వేరు అని అన్నేళ్లూ అనుకున్నాను. రెండూ ఒకటి కాకపోతే నూలు పోతుంది.

ఉస్తాద్ కోడలు దీపం తెచ్చి పెట్టేసరికి కాగితం మీద ఎనిమిది వాక్యాలు ఉన్నాయి. ఒక్కో వరుసలో ఒక్కటే. వరుసకూ వరుసకూ మధ్య జాగా. అంత ఖాళీ కాగితం నా చేత్తో వదలడం అదే మొదలు. గుండె పీకింది, అబద్ధం ఎందుకు. పైన ఒక మాట రాశాను, అది పనివాళ్లకు కాదు, చదివేవాళ్లకు. "ఒకటి చదివి ఆగు. వాళ్లు అయింది అన్నంక రెండోది చదువు."

"ఇగ నూలు బతుకుతది" అన్నాడు ఉస్తాద్. తర్వాత నిదానంగా, "మరి గా పిల్ల?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు కాగితంలో లేదు. కాని ఆ సాయంత్రం నేర్చుకున్నది ఇంటికి పోతూ దానికీ పనికొచ్చింది. రేపు పొద్దున కమిటీ పెద్దమనిషి ముందు ఏం చెప్పాలో దారి పొడుగునా కట్టుకుంటూ వచ్చాను. ముందు నా అనుభవం చెప్పి, తర్వాత ప్రయాణం అలసట చెప్పి, ఆమె కూడా కాస్త చూసుకుంటే బాగుండేదని చెప్పి, ఆఖరున నా తప్పు కూడా కొంత ఉందని... అక్కడ ఆగాను. మళ్లీ ఉత్తరమే. మళ్లీ అసలు సంగతి వెనకవైపు, అట్టడుగున. నడివీధిలో నిలబడి నన్ను చూసి నేనే నవ్వాను. కల్లు తాగి పోతున్న ఒకాయన ఈమెకేమైందని తిరిగి చూశాడు.

ఇప్పుడు మీలో చాలామంది కాగితాలు రాసే ఉద్యోగాల్లో ఉన్నారు. మీ కాగితాలు నాకు చూపిస్తుంటారు. కొన్నిట్లో ఉభయకుశలోపరి లేదు గాని, దాని చుట్టాలు పక్కాలు అందరూ ఉన్నారు. నేనేమీ అనను. ఒక గుడ్డ పీలిక, రెండు గిన్నెలు తెచ్చుకోండి, చాలు.

మరునాడు పొద్దున కమిటీ పెద్దమనిషి, సెక్రటరీ సాబ్ షెడ్డులో నిలబడ్డారు. చిన్నామె గుమ్మం దగ్గర, లోపలికీ రాకుండా బయటికీ పోకుండా నిలబడింది. నేను ముందుకు పోయాను.

"కాగితం తప్పు. రాసింది నేను. చదివినామె తప్పు లేదు."

"నిన్న నువ్వే గద గీతలు జూపినవ్" అన్నాడు సెక్రటరీ సాబ్.

"అవి ముందుండాలె. ఎనక పెట్టిన."

పెద్దమనిషి రెండు కాగితాలూ చూశాడు. పాతది చదవడం మొదలుపెట్టి, ఉస్తాద్ గొప్పతనం దగ్గర వదిలేశాడు. కొత్తది చివరిదాకా చదివాడు. చిన్నామె పనిలో ఉంటుందన్నాడు. నన్ను పెద్ద చేతి పనినుంచి దించమన్నాడు. ఆ ఏడాదంతా నన్ను మామూలు చేతుల్లో కలిపారు.

కొత్త కాగితం చిన్నామెకు ఇచ్చారు. నేను కొంగు నడుముకు దోపుకుని మిగతావాళ్ల పక్కన రెండో గంగాళం దగ్గర నిలబడ్డాను. ఆమె పైమాట తనలో తాను చదువుకుంది. తర్వాత మొదటి వాక్యం గట్టిగా చదివింది.

"బావి నీళ్లు ఇప్పుడే తోడి రెండో గంగాళంల పొయ్యాలె."

చదివి ఆగింది. నా వైపే చూస్తోంది. నేను బావికి పోయి తోడి తెచ్చి పోశాను. గంగాళం నిండింది.

"అయింది" అన్నాను.